నాకేం వద్దు

నా నవలల్లో ఇప్పటికి నలుగురు వీలునామాలు రాసి కన్నుమూశారు. ఇద్దరు జమీందార్లు, ఒక రైసు మిల్లు యజమాని, ఒక మేనత్త. ఒక వీలునామా పెట్టె అడుగున పాత పట్టుచీర మడతల్లో దొరికింది. ఒకటి చివరి నిమిషంలో పొయ్యిలో పడి బూడిదైంది. మూడోది ప్లీడరు గారు హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు. మేనత్తగారి వీలునామా మాత్రం నా పరువు తీసింది. అది సీరియల్‌గా వస్తున్న రోజుల్లో ఓ ప్లీడరు గారు కార్డు రాశారు: “అమ్మా, మీ మేనత్తగారి వీలునామా మీద ఒక్క సాక్షి చేతనే సంతకం పెట్టించారు. చట్టప్రకారం ఇద్దరు కావాలి. ఈ లెక్కన మీ కథానాయికకి ఆస్తి రాదు. వచ్చేవారం ఇంకొకరిని ప్రవేశపెట్టగలరు” అని. ఏం చేస్తాను? వచ్చేవారం పాలవాణ్ణి ప్రవేశపెట్టాను.

అలాంటి నన్ను పట్టుకుని, కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు, మా అమ్మ అరిసెల పాకం చూస్తూ చూస్తూ, “ఏమే, నువ్వెటూ రాస్తూనే వుంటావుగా, నాకో వీలునామా రాసిపెట్టు” అంది.

పాకం ముదిరిపోతోందని గాని, కాస్త ఉప్పందించమని గాని చెప్పే గొంతుతోనే చెప్పింది. మా వదిన చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. “పండగపూట ఏం మాటలత్తయ్యా అవి!” అంది. పిన్ని మాత్రం పిండి కలుపుతూ తల ఎత్తకుండా, “అడగనీయవే, ఎప్పుడో అప్పుడు అడగాల్సిందే కదా” అంది.

మీ ఇళ్ళల్లో ఎలాగో నాకు తెలియదు గాని, మా ఇంట్లో చావు సంగతి మాట్లాడ్డం అమంగళం. ఆస్తి సంగతి మాట్లాడ్డం అసహ్యం. ఈ రెండూ కలిసిన వీలునామా సంగతి వంటింట్లో, పండగపూట, అరిసెల మధ్య ఎత్తింది మా అమ్మ. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అమ్మా, పిన్నీ, బొడ్లో దోపుకున్న తాళాల గుత్తీ. అంతే.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అమ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు అమ్మి, ఆ డబ్బుతో స్థలం కొని, 1984లో కట్టించారు నాన్నగారు. స్థలమూ ఇల్లూ రెండూ అమ్మ పేరునే వున్నాయి. ఆ రోజుల్లో చాలామంది మగవాళ్ళు చెయ్యని పని అది. ఆడదాని పేర వున్న ఆస్తి ఆమె సొంతమేనని, ఎవరి ఆజ్ఞా అక్కర్లేదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్పింది. అంచేత అమ్మ ఆ ఇంటిని ఎవరికైనా ఇవ్వవచ్చు, ఎవరికీ ఇవ్వకపోనూవచ్చు. చిత్రమేమిటంటే, ఆ సంగతి మా ముగ్గురు పిల్లలకీ ఆ రోజు దాకా తోచనే లేదు. ఇల్లంటే ఇల్లే. దానికి యజమాని ఒకరుంటారనీ, ఆ యజమాని వంటింట్లో పాకం చూస్తూ వుంటుందనీ ఎవరనుకుంటారు?

సాయంత్రం అందరం వసారాలో కూర్చున్నాం. అన్నయ్య గుంటూరులో వుంటాడు. ప్రతి ఆదివారం వచ్చి అమ్మ బీపీ మాత్రలు, పిన్ని మోకాళ్ళ మందు ఇచ్చి, మోటారు బాగుచేయించి వెళతాడు. వాడు గొంతు సవరించుకుని, “వీలునామాలు గీలునామాలు ఎందుకమ్మా? ఇప్పుడే గిఫ్టు డీడు రాసేస్తే సరిపోతుంది. రిజిస్ట్రేషను అయిపోతే తర్వాత ఎవరికీ తలనొప్పి వుండదు” అన్నాడు. ఎవరి పేరున అన్నది వాడు చెప్పలేదు. నేను అడగలేదు. కాని లోపల నా నవలా రచయిత్రి బుద్ధి వూరుకోలేదు. ‘ఓహో, ఆదివారాల రాకపోకల వెనక ఇదా కథ!’ అనేసుకుంది. ఆ ఆలోచనకి నేనిప్పటికీ సిగ్గుపడతాను. ఎందుకో ముందు ముందు చెబుతాను.

అంతలో కాలిఫోర్నియా నుంచి చెల్లెలు ఫోన్లో కనిపించింది. అక్కడ తెల్లవారుతోంది. విషయం వినగానే, “అయ్యో, వీలునామా ఏమిటమ్మా! లివింగ్ ట్రస్టు పెట్టుకో. ఇక్కడ మేమందరం అదే పెట్టుకున్నాం” అంది.

“ట్రస్టా? గుడి కడుతున్నానేమిటే నేను?” అంది అమ్మ.

చెల్లెలు ఓపిగ్గా చెప్పింది. ఆ రాష్ట్రంలో మనిషి వీలునామా ఒక్కటే రాసి పోతే, ఇల్లు పిల్లల చేతికి రావడానికి ప్రొబేటు అని కోర్టు ద్వారా నడవాలట. దానికి లాయరు ఫీజు ఎంతో చట్టంలోనే రాసుంది. మొదటి లక్ష డాలర్లకీ నూటికి నాలుగు, రెండో లక్షకి మూడు, ఆ పైన పది లక్షల దాకా రెండు. అంటే పది లక్షల డాలర్ల ఇంటికి ఒక్క లాయరుకే 23 వేల డాలర్లు. వ్యవహారం నడిపించే మనిషి కూడా అంతే పుచ్చుకోవచ్చు. ఇంటి మీద బ్యాంకు అప్పెంతున్నా దాన్ని తీసేసి లెక్కకట్టరు, మొత్తం ధర మీదే. పైగా వీలునామా కోర్టు కాగితమైపోతుంది గనక పోయేవారూ వచ్చేవారూ ఎవరైనా చదవవచ్చు. అందుకని వాళ్ళు బతికుండగానే ఇంటిని ఒక ట్రస్టు పేరుకి మార్చుకుంటారు. ఇచ్చేదీ తామే, ధర్మకర్తలూ తామే, అనుభవించేదీ తామే. బుద్ధి మారితే ట్రస్టు రద్దు చేసుకోవచ్చు. మంచాన పడినా, పోయినా ముందుగా పేరు రాసిన మనిషి వచ్చి, కోర్టు గడప తొక్కకుండా పంపకాలు చూస్తాడు.

“ఒక్కటే జాగ్రత్త పడాలక్కా” అంది చెల్లెలు నాతో. “ట్రస్టు కాగితం రాసేసి, ఇల్లు దాని పేరుకి మార్చడం మర్చిపోతారు చాలామంది. అప్పుడా ట్రస్టు వుండీ లాభం లేదు.”

గాదె కట్టించి ధాన్యం పొయ్యడం మర్చిపోయినట్టన్నమాట.

“ఇంకో సంగతి” అంది కాస్త ఆగి. “ట్రస్టు వున్నా మేం వీలునామా కూడా రాశాం. మా ఇద్దరికీ ఏదైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో అందులో రాశాం. నీ పేరు రాశాను. నిన్ను అడుగుదామనుకుంటూనే వున్నాను...”

వసారా అంతా నిశ్శబ్దమైపోయింది. దానికి ఎనిమిదేళ్ళ పిల్లా, అయిదేళ్ళ పిల్లాడూ. నాకు ఏం మాట్లాడాలో తోచక, “అదేమిటే, నాకు వాళ్ళ ఇంగ్లీషే సరిగ్గా అర్థం కాదు” అన్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. కాగితం మీద ఒక పేరు రాయడమంటే ఎంత నమ్మకమో నాకప్పుడు తెలిసొచ్చింది. నా నవలల్లో నలుగురి వీలునామాలు రాసినప్పుడు తెలియలేదు.

అసలు సంగతికి వస్తాను. అందరి మాటలూ విన్నాక అమ్మ నావైపు తిరిగి, “మరి నీకేం కావాలే?” అంది.

“నాకేం వద్దమ్మా!” అన్నాను ఠపీమని.

ఎంత హాయిగా వుంటుందో ఆ మాట అనడానికి! మీరూ ఏదో ఒకనాడు అనే వుంటారు. అంటున్నప్పుడు మనం ఒక మెట్టు పైన నిలబడ్డట్టుంటుంది. అన్నయ్య కంటే, చెల్లెలి కంటే, లోకంలోని ఆస్తి తగాదాలన్నిటికంటే పైన. అమ్మ ఏమీ అనలేదు. “ఊఁ” అని, తాళాల గుత్తి సర్దుకుని లోపలికి వెళ్ళింది.

కనుమ మర్నాడు నాన్నగారి స్నేహితులు ప్లీడరు బాబాయిగారింటికి వెళ్ళాం. ఎనభై రెండేళ్ళ మనిషి. కోర్టుకి వెళ్ళడం మానేశారు గాని, సలహాలు చెప్పడం మానలేదు. అమ్మ చెప్పిందంతా విని, ముందు చెల్లెలి ట్రస్టు సంగతి తేల్చేశారు.

“అక్కడ అది అవసరం తల్లీ. ఇక్కడ మనకి ఆంధ్రాలో గాని తెలంగాణాలో గాని వీలునామాకి ప్రొబేటు తప్పనిసరి కాదు. లేని రోగానికి మందెందుకు? మన దేశంలోనూ ట్రస్టు చట్టం వుంది, 1882 నాటిది. కాని ఇంటిని ట్రస్టు పేరుకి మార్చాలంటే రిజిస్టరు దస్తావేజు, స్టాంపు ఖర్చు, ఆపైన ఏటేటా లెక్కలు. మతి నిలకడలేని బిడ్డ వున్నవాళ్ళకీ, తమ తర్వాత ఆ బిడ్డని ఎవరు చూస్తారో అని బెంగపడే తల్లిదండ్రులకీ అది నిజంగా దేవుడిచ్చిన వరం. నీకున్న ఒక్క ఇంటికీ అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.”

“మరి గిఫ్టు డీడు బాబాయిగారూ?” అన్నాడు అన్నయ్య.

“గిఫ్టంటే ఇవాళే విస్తట్లో వడ్డించేయడం. రిజిస్ట్రేషనై, పుచ్చుకున్నవాడు సరేనన్నాడంటే, రేపు మనసు మారిందని వెనక్కి తీసుకోవడానికి లేదు. వీలునామా అలా కాదు. మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ అది ఉత్త కాగితం. అమ్ముకోవచ్చు, చింపేయవచ్చు, పదిసార్లు మార్చి రాయవచ్చు. చివర రాసిందే చెల్లుతుంది. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్టరు కూడా చేయించి తీరాలని లేదు, చేయిస్తే మంచిది.”

“రెంటికీ మధ్య ఏదీ లేదా?” అన్నాను.

“వుంది. దఖలు దస్తావేజు రాసి, తన జీవితకాలం అనుభవించే హక్కు అట్టే పెట్టుకోవచ్చు. ఇల్లు ఇప్పుడే పిల్లలదైపోతుంది, తను పోయేదాకా వుండవచ్చు.”

అమ్మ అప్పటిదాకా వింటూ కూర్చుంది. ఇప్పుడు అడిగింది. “రేపు నాకేదో పెద్ద జబ్బు చేసి, ఇల్లు అమ్మి మందులు కొనుక్కోవాలనుకోండి. అప్పుడో?”

“అప్పుడు నీ ఒక్కదాని సంతకం చాలదమ్మా. వాళ్ళూ పెట్టాలి.”

అమ్మ తలవూపింది. ఆ తలవూపులో ఎవరి ముఖం కనిపించిందో నాకు తెలుసు. మా వీధి చివర ఒకావిడ వుండేవారు. భర్త పోయిన ఏడాదికే కొడుకు పేర ఇల్లు రాసిచ్చేశారు. మంచి కొడుకే. కాని ఆ తర్వాత ఆవిడ మంచం పడగ్గదిలోంచి హాల్లోకీ, హాల్లోంచి వరండాలోకీ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. మంచం మాత్రం జరుగుతూ వచ్చింది. చివరికి పక్కింటివాళ్ళెవరో చెబితే ఆవిడ ఆర్డీవో ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారు.

ఆ చట్టం సంగతీ బాబాయిగారు చెప్పారు. 2007లో వచ్చింది. అరవై ఏళ్ళు దాటినవాళ్ళు తమని చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్ళు చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునలు చెప్పవచ్చు. షరతు వుండాలని 2022లో సుప్రీంకోర్టు అంది. ఆ చట్టాన్ని పెద్దవాళ్ళ మేలు కోరి ఉదారంగా అన్వయించుకోవాలని 2025 జనవరిలో అంది. “అయినా షరతు మాట దస్తావేజులో స్పష్టంగా రాయించకుండా ఎవరూ సంతకం పెట్టకూడదమ్మా” అన్నారు బాబాయిగారు. “ఇచ్చేటప్పుడు షరతు రాయడానికి మొహమాటం. కన్నకొడుకు దగ్గర షరతులేమిటి అని. అర్జీ పెట్టుకునేటప్పుడు మొహమాటం వుండదు మరి!”

అంతలో పిన్ని, ఎప్పుడూ నోరెత్తని పిన్ని, “అన్నయ్యగారూ, నాకు పిల్లలు లేరుగా, నాకెందుకూ ఇవన్నీ అనుకుంటున్నాను. బ్యాంకులో నామినీ పేరు ఇచ్చాను, చాలదూ?” అంది.

పిన్ని ఇరవై ఏడో ఏట, 1983లో, బాబాయి పోయాడు. పెళ్ళయి మూడేళ్ళు కాలేదు. అత్తవారు ఆ పన్నెండో రోజునే పుట్టింటికి పంపించేశారు. టీచరు ట్రైనింగు చేసి, స్కూల్లో చేరి, 2014లో రిటైరయింది. రూపాయి రూపాయి కూడబెట్టి మా ఊరి చివర ఓ రెండు వందల గజాల స్థలం కొనుక్కుంది.

బాబాయిగారు కళ్ళజోడు తీశారు. “చాలదమ్మా. బ్యాంకులో నామినీ అంటే డబ్బందుకునే చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి తిరిగి వారసులకి ఇవ్వాల్సిందే. ఇక నీ వారసులెవరో తెలుసా? భర్తా పిల్లలూ లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె కష్టార్జితం ముందు భర్త వారసులకి వెళుతుంది. కన్నవాళ్ళ వంతు ఆ తర్వాతే.”

“భర్త వారసులంటే?”

“నీ బావగార్లు, మరుదులు, వాళ్ళ పిల్లలు.”

పిన్ని మొహం నేను అలా ఎప్పుడూ చూడలేదు. నలభై ఏళ్ళ పైచిలుకుగా కార్డు ముక్కైనా రాయని మనుషులు! అదే పిల్లలు లేని మగవాడు పోతే, భార్య లేకపోతే, అతని ఆస్తి ముందు అతని కన్నతల్లికి వెళుతుంది. ఆడదాని దగ్గరికొచ్చేసరికి ఆమె ముప్ఫై ఏళ్ళు సుద్దముక్కతో సంపాదించుకున్నది అత్తవారిది. పుట్టింటినుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తయితే తిరిగి పుట్టింటికి వెళుతుంది గాని, సొంత సంపాదనకి ఆ మినహాయింపు లేదు. 2009లో ఇలాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందట. అత్తవారు తరిమేసిన ఒకావిడ, పుట్టింటివాళ్ళు చదివిస్తే ఉద్యోగం చేసి సంపాదించింది. ఆవిడ పోయాక ఆ ఆస్తి అత్తవారికే వెళ్ళింది. సానుభూతి వేరు, చట్టం వేరు అంది కోర్టు. 2025 నవంబరులో మళ్ళీ ఈ సెక్షను సంగతి ముందుకొచ్చినప్పుడు, ఆడవాళ్ళందరూ దయచేసి వీలునామాలు రాసుకోండని ఆ కోర్టే చెప్పింది.

పిన్ని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “అయితే అక్క వీలునామాతోపాటు నాదీ రాసేయండి” అంది. తమ దగ్గర పనిచేసిన మనిషి కూతురు వుంది. పిన్ని దగ్గరే లెక్కలు నేర్చుకుని ఇప్పుడు నర్సింగు చదువుతోంది. స్థలం ఆ పిల్లకి. బ్యాంకు డబ్బు నాకూ, అన్నయ్యకీ, చెల్లెలికీ. ఎంత తేలిగ్గా చెప్పేసిందో! నలభై ఏళ్ళుగా మనసులో రాసుకునే వుంది కాబోలు, చిత్తుప్రతి కూడా అక్కర్లేకపోయింది.

అమ్మ వీలునామా అంత సులువుగా నడవలేదు. శివరాత్రి వెళ్ళాక బాబాయిగారు చిత్తుప్రతి తయారుచేశారని కబురొస్తే మళ్ళీ తెనాలి వెళ్ళాను. అన్నయ్యా వచ్చాడు. బాబాయిగారే చదివారు, నా నవలలో ప్లీడరులాగే కళ్ళజోడు తుడుచుకుని.

“...నా తదనంతరం నా చెల్లెలు జీవించి వున్నంతకాలం సదరు ఇంట్లో నివసించడానికి పూర్తి హక్కు కలిగివుండవలెను. ఎవరూ ఆమెను ఖాళీ చేయించరాదు. ఆ పిమ్మట సదరు ఇల్లు నా కుమారునికీ, నా చిన్నకుమార్తెకూ చెరిసగం చెందవలెను. నా పెద్దకుమార్తె తనకేమీ అక్కర్లేదని చెప్పినందున ఆమెకేమీ రాయలేదు...”

నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. బయట ఎవరిదో రిక్షా వెళుతోంది. చెవుల్లో ఒకటే మాట, ‘ఆమెకేమీ రాయలేదు.’ నేనన్న మాటే! కాగితం మీదికెక్కేసరికి అది ఎంత మారిపోయింది! నేనన్నప్పుడు అది త్యాగంలా వుంది. బాబాయిగారు చదివినప్పుడు నన్ను ఇంటిలోంచి లేపి వీధిలో కూర్చోబెట్టినట్టుంది. ఆ ఇంటి ముందు గదిలో, కిటికీ పక్క బల్ల మీద, నా మొదటి కథ రాసుకున్నాను. పెళ్ళయ్యాక ఎన్ని అద్దె ఇళ్ళు మారినా, “మా ఇల్లు” అంటే అదే. అన్నయ్య మీద అనుమానపడ్డ పెద్దమనిషిని, మూడు నిమిషాలు కాలేదు, వీడికి సగమా, దానికి సగమా అని లెక్కలు వేస్తూ కూర్చున్నాను!

గొంతు సరిచేసుకుని, “బాగానే వుంది” అన్నాను.

అమ్మ నావంకే చూస్తోంది. “బాగుందా?” అంది.

“నిజం చెప్పనా అమ్మా? బాగులేదు. ఆవేళ నేను అబద్ధం చెప్పాను. నాకూ కావాలి.”

అంత మాట అనడానికి నాకు నలభై ఎనిమిదేళ్ళు పట్టింది. మొహం ఎర్రబడిపోయింది. అన్నయ్య ఏమనుకుంటాడో అని అటు చూడలేకపోయాను. బాబాయిగారు మాత్రం పకపకా నవ్వారు.

“సంతోషం తల్లీ! యాభై ఏళ్ళ ప్లీడరీలో నేను చూసింది ఒకటే. కావాలన్నవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు. కోర్టుకెక్కేది ఎక్కువగా వద్దన్నవాళ్ళే!”

అన్నయ్య అప్పుడు నోరు విప్పాడు. “నేను గిఫ్టు డీడు అడిగింది నా పేరున కాదే. ముగ్గురి పేరునా. అమ్మ తర్వాత నీ సంతకం కోసం హైదరాబాదూ, చెల్లి సంతకం కోసం అమెరికా చుట్టూ ఎవరు తిరుగుతారు? నాన్నగారి పెన్షను కాగితాల కోసం ఎనిమిది నెలలు తిరిగాను, నీకేం తెలుసు?” అన్నాడు.

నాకేం తెలుసు? ఆ ఎనిమిది నెలలూ నేను ఓ సీరియల్ రాసుకుంటున్నాను. అందులో ఆస్తికోసం తల్లి చుట్టూ తిరిగే కొడుకు పాత్ర ఒకటి కూడా వుంది.

అమ్మ మళ్ళీ చెప్పింది, బాబాయిగారు మళ్ళీ రాశారు. పిన్ని హక్కు మొదటిది. తర్వాత ఇంట్లో సగం అన్నయ్యకి, తక్కిన సగం మా అక్కచెల్లెళ్ళిద్దరికీ సమానంగా. అన్నయ్యకి ఎక్కువ ఎందుకో కూడా రాయించింది. మేడమీద రెండు గదులు వాడి అప్పుతో వేసినవి. “ఎందుకిచ్చానో రాయకపోతే, నేను పోయాక వీళ్ళు తలో కారణమూ కల్పించుకుంటారు” అంది. వ్యవహారమంతా నడిపించే బాధ్యత అన్నయ్యకే అప్పగించింది. కాగితాల చుట్టూ తిరగడం ఎటూ వాడికి అలవాటేనని కాబోలు. నాకు పావు వాటా. సగంలో సగం అనగానే మనసులో ఓ ముల్లు కదిలిన మాట దాచను. కాని అది చెప్పి చేసిన పంపకం. నా ముందే, నన్నడిగి చేసింది. పావు ముక్కకన్నా అదే నాకు ఎక్కువనిపించింది.

సాక్షులుగా ఇద్దరు కుర్రవాళ్ళని ఏరారు బాబాయిగారు. మేడమీద అద్దెకుండే లెక్చరరు ఒకరు, మందుల షాపతను ఒకరు. “నేను పెడితే ఏం లాభమమ్మా? మీ అమ్మకంటే ముందు నేనే పోతాను. సాక్షి చెప్పేదెవరు?” అన్నారు. వాటా పుచ్చుకునేవాళ్ళు సాక్షులుగా వుండకపోవడం మంచిదని మమ్మల్ని దూరంగా నిలబడమన్నారు. అమ్మ సంతకం పెడుతుంటే వాళ్ళిద్దరూ కళ్ళారా చూడాలట. డాక్టరు దగ్గర, అమ్మకి మతి నిలకడగా వుందని ఓ సర్టిఫికెట్టు కూడా తీసుకున్నాం. రేపెవరైనా వేలెత్తి చూపితే పనికొస్తుందని. “నా మతికి డాక్టరు సర్టిఫికెట్టా!” అని అమ్మ రెండు రోజులు అన్నం దగ్గర అలిగింది.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఫొటో తీశారు, వేలిముద్రలు వేయించుకున్నారు. ఆ ఉద్యోగి మర్యాదగా, “మీ ఇష్టప్రకారమే రాస్తున్నారా అమ్మా? ఎవరి బలవంతమూ లేదు కదా?” అని అడిగాడు.

“బలవంతం చేస్తే అరిసె ముక్క కూడా పెట్టను బాబూ” అంది అమ్మ.

ఇంటికొచ్చి కాగితం బీరువాలో పెట్టి, తాళం వేసి, గుత్తి బొడ్లో దోపుకుంది. ఎక్కడ పెట్టిందో ముగ్గురికీ చెప్పింది. పొద్దున వెళ్ళేటప్పుడు ఆ ఇంటికి ఎవరు యజమానో, సాయంత్రం తిరిగొచ్చినప్పుడూ ఆవిడే. నేను చూసిన మూడు కాగితాల్లోనూ మా అమ్మకి వీలునామా ఎందుకు నప్పిందో అప్పుడర్థమైంది. అది మా ముగ్గురికీ అంతా ఇచ్చింది, ఆవిడ బొడ్లో తాళం మాత్రం కదల్చలేదు. అందరికీ అదే నప్పుతుందని నేననను. చెల్లెలికి ట్రస్టే మంచిది. తన తర్వాత కాదు, తన కళ్ళ ముందే కూతురు సొంత గడపలో కాలు పెట్టాలనుకునే తల్లికి గిఫ్టే మంచిది. కాని ఏ కాగితం రాసినా, రాసేముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి “నీకేం కావాలి” అని అడగాలి. అడిగినప్పుడు మనం నిజం చెప్పాలి. ఆ రెండో పనే కష్టం.

హైదరాబాదు వచ్చాక తెల్ల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. పిన్ని మొహం కళ్ళముందే వుంది. నాకున్నదేమిటి? కాస్త బంగారం, ఓ బ్యాంకు ఖాతా, పావు ఇల్లు — అదీ ఇంకా రాలేదు, నిదానంగానే రానీండి. ఇక పదిహేడు నవలలు. రచయిత పోయాక కూడా అరవై ఏళ్ళదాకా ఆ హక్కు వారసులకి వుంటుందట మన చట్టంలో. రాయల్టీ ఎంతొస్తుందని మాత్రం అడక్కండి. అయినా హక్కు హక్కే కదా!

మావారు పేపరు చదువుకుంటున్నారు. “ఏమండీ, నా నవలల హక్కులు మీకు రాద్దామనుకుంటున్నాను, మీరేమంటారు?” అన్నాను.

ఆయన పేపరు దించకుండానే, “నాకేం వద్దు” అన్నారు.

నేను కలం కింద పెట్టి, ఆయన వంక అనుమానంగా చూశాను.